ఎడమ పక్క రాని గొంతులు

మా బావ రేడియో పాడైపోలేదు, స్టేషనే ఆగిపోయింది. ఆ తేడా మా ఇంట్లో నాకు గానీ మా ఆవిడకి గానీ మొదట్లో అర్థం కాలేదు. రేడియో రిపేరుకి ఇద్దామని నేనూ, బ్యాటరీలు మార్చమని ఆవిడా రెండు రోజులు చెప్పుకొచ్చేం. మూడో రోజు బావ విసుగ్గా, "రేడియో కాదు బావా, ఆళ్ళే మానేసేరు. ఇంక గాల్లోకి ఒదలరట. కావాలంటే ఇంటర్నెట్లో ఇనుకోమని సెప్పి మూసేసేరు" అన్నాడు.

బావంటే మా అక్క భర్త. వాళ్ళకి పిల్లల్లేరు. అక్క పోయేక కొన్నాళ్ళు ఒక్కడే వండుకుని తిన్నాడు. తరవాత అతని వంట తిని అతనే జబ్బు పడితే మా ఆవిడ వెళ్ళి బట్టలు సర్ది గవరపాలెంలో మా ఇంటికి తీసుకొచ్చేసింది. చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఫిట్టరు పని తిండి పెట్టింది గానీ అతని ప్రాణం ఎప్పుడూ చర్చి పాటల మీదే ఉండేది. హార్మోనియం వాయించేవాడు. పాటల జట్టుకి నేర్పేవాడు. ఆడవాళ్ళలో పై గొంతు, కింది గొంతు, మగవాళ్ళలో పై గొంతు, కింది గొంతు, ఇలా నాలుగు వరసలు విడదీసి ఎవరి వరస వాళ్ళకి నేర్పి మళ్ళీ కలిపేవాడు. ఆ నాలుగూ సరిగ్గా కలిసినప్పుడు కళ్ళు మూసుకుని తల కొంచెం పక్కకి వంచేవాడు. మా ఇంటికి వచ్చేటప్పటికి హార్మోనియం మానేసేడు. అక్క పోయిన దిగులనుకున్నాం, అడగలేదు.

మానెయ్యనిది ఒక్కటే, సాయంత్రం రేడియో. ఏదో దేశం నుంచి షార్ట్ వేవ్ మీద కొయిర్ పాటలు వచ్చేవి. అందులో భాష అతనికి సగం కూడా తెలీదు. గొంతులు చాలు. పాట దగ్గరికి వచ్చేది, దూరంగా పోయేది, మధ్యలో గాలి హోరు. చిన్నప్పట్నించీ అలాగే విన్నాడు గనక ఆ హోరు అతనికి పాటలో భాగమే. అది ఆగిపోయేసరికి సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలీక వీధరుగు మీద కూర్చుని వచ్చే పోయే సైకిళ్ళని చూసేవాడు.

ఒకరోజు అడిగేడు. "ఇంటర్నెట్టంటే ఫోను తీగలోంచి వత్తాదట కదా బావా. మనకి ఫోనుంది కదేటి?"

నాకు నిజంగా ఓపిక లేదు. మునగపాక దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టర్ని నేను. పొద్దున్న బస్సు, సాయంత్రం బస్సు, వచ్చేక ఇంటి ముందు గదిలో పదో తరగతి పిల్లలకి ట్యూషన్. వీటి మధ్యన ఓటర్ల జాబితాలని, జనాభా లెక్కలని ఎప్పుడూ ఏదో ఒక పని అంటగడుతూ ఉండేవారు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడకి ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి. ఇద్దరం మెలకువగా ఒకచోట కూర్చున్న సాయంత్రం ఎప్పుడో గుర్తు లేదు. అయినా అక్క బతికుంటే ఈపాటికి నన్ను నిలువునా దులిపేసేది అనిపించి, టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి బ్రాడ్‌బ్యాండ్ కావాలని రాసిచ్చి వచ్చేను. రెండు వేల ఏడో, ఎనిమిదో. మా వీధిలో అప్పటికి ఇంకెవరికీ లేదు.

కంప్యూటర్ ముందే ఉంది. ప్రశ్నపత్రాలు టైపు చేసుకోడానికి కొన్నది. దాని పక్కన మోడెమ్ పెట్టి, ఫోను తీగ దానికి తగిలించి, స్టేషన్ పేజీ తెరిచి, పాట మీద నొక్కేను. పాట వచ్చింది. హోరు లేదు, దూరం లేదు. పక్కింట్లో పాడుతున్నట్టుంది. బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. నాకు కూడా ఒక పని అయిపోయిందన్న సుఖం కలిగింది.

ఆ సుఖం పాట సగం దాకానే. గొంతులన్నీ పైకి లేచిన చోట చటుక్కున నిశ్శబ్దం.

"ఏటైంది?" అన్నాడు బావ.

"బఫరింగ్ అంటంది. నిండుతోందిలే, వత్తాది."

"ఏటి నిండుతోంది?"

అతనికి చెప్పడానికి మా డాబా మీది నీళ్ళ ట్యాంకే దొరికింది. మునిసిపాలిటీ కొళాయి సన్నంగా ట్యాంకులోకి పడుతూ ఉంటుంది. కింద మనం కొళాయి విప్పుకుంటాం. పై నుంచి వచ్చేది తగ్గితే ట్యాంకు ఖాళీ. మళ్ళీ కొంచెం నిండేదాకా ఆగాలి. అతను మిల్లులో పైపులతో బతికినవాడు, వెంటనే పట్టుకున్నాడు. "అయితే పైపు సూడాలి" అన్నాడు. ఆ తరవాత పాట మళ్ళీ ఆగినప్పుడు మాత్రం తట్టుకోలేకపోయేడు. "రేడియోలో పాట దూరంగా ఎల్లి వచ్చేది బావా. ఇందులో సచ్చిపోతంది" అన్నాడు.

పైపు చూసే పని అలా మొదలయింది. మొదట దొరికిన లోపం సులువైనది. ఫోను మోగినప్పుడల్లా మోడెమ్ మీద ఒక లైటు ఆరిపోయేది, పాట పోయేది. వంటింట్లో ఇంకో ఫోను ఉంది. ఆసుపత్రి వాళ్ళు డ్యూటీ గురించి చేస్తే మా ఆవిడ అక్కడే ఎత్తేది. ఆ ఫోనుకి ఎప్పుడో ఎవరో తీగ మధ్యలో చీల్చి, మెలిపెట్టి, టేపు చుట్టి లైను ఇచ్చేరు. మోడెమ్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో అలా ఉండకూడదని బొమ్మ వేసి మరీ ఉంది. మాటలకి ఒక దారి, ఇంటర్నెట్‌కి ఒక దారి వేరుచేసే స్ప్లిట్టర్ అనే చిన్న డబ్బా ముందు పెట్టి, ఫోను దాని వెనకే ఉండాలి. వంటింటి తీగ కత్తిరించేసేను. స్తంభం దగ్గర తుప్పు పట్టిన అతుకు లైన్‌మేన్ వచ్చి మార్చేడు. ఫోను మోగినా పాట ఆగలేదు. కానీ వంటింట్లో ఫోను లేదు గనక మా ఆవిడ చేతికి పిండితో ముందు గదికి పరిగెత్తాల్సి వచ్చేది.

"అన్నయ్యగారి పాటకి నా కాళ్ళు అరిగిపోతన్నాయి" అనేది. కోపంగా కాదు, అలసటగా.

రెండో సమస్య నేను. సాయంత్రం ముందు గదిలో నా ట్యూషన్. పిల్లలు త్రికోణమితి చేస్తుంటే పక్కన కొయిర్ పాడితే కుదరదు. అంచేత కంప్యూటర్ బావ పడుకునే వెనక గదిలోకి మార్చేను. ఫోను లైను మాత్రం ముందు గదిలోనే ఉంది. మధ్యన మా తాతల నాటి సున్నపు గోడ, చెయ్యంత మందం. తీగ లేకుండా వైర్‌లెస్‌లో వస్తుందని ఎవరో చెప్తే, ఒక ఆదివారం ఆరాధన అయ్యేక బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి, ఒక రౌటరూ, కంప్యూటర్‌కి గుచ్చే అగ్గిపెట్టె లాంటి చిన్న ముక్కా తెచ్చేను.

అది వచ్చేది, పోయేది. తెర మీద సిగ్నల్ గీతలు చెరకు తోట గాలికి ఊగినట్టు లేచేవి, పడేవి. గోడకి ఆనించి ఇనప బీరువా ఉందనీ, ఇనుము అడ్డమనీ బావే అన్నాడు. ముగ్గురం కలిసి దాన్ని తోసేం. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోకుండా మా ఆవిడ కూడా ఒక చెయ్యి వేసింది. బీరువా వెనక బల్లి గుడ్లూ, ఎప్పుడో పోయిందనుకున్న నా కళ్ళజోడూ దొరికేయి. సిగ్నల్ ఒక గీత పెరిగింది. ఎవరైనా ద్వారంలో నిలబడితే మళ్ళీ తగ్గిపోయేది. పాట వచ్చే వేళకి ద్వారంలో ఎవరూ నిలబడకూడదని బావ నోరు తెరిచి చెప్పలేదు గానీ, మా ఆవిడ బియ్యం డబ్బా కోసం అటు వెళ్తే అతని మొహం చూడాల్సి వచ్చేది.

"ఏవండీ, నేను అన్నం వండుకోవాలా, ఒద్దా?" అంది ఒకరోజు నాతో.

చివరికి తీగే వేసేను. పొడుగాటి నీలం లాన్ కేబుల్. మోడెమ్ దగ్గర మొదలై, ముందు గది వెంటిలేటర్లోంచి బయటికెళ్ళి, బట్టలు ఆరేసే దండెం పక్కనుంచి తిరిగి వెనక గది కిటికీ మూలన లోపలికొచ్చేది. స్టూలు మీద నేను, మేకులు అందిస్తూ బావ. ఫిట్టరు కదా, తీగ ఎక్కడ వంపు తిరగాలో, వాన నీళ్ళు తీగ వెంట లోపలికి రాకుండా కిటికీ దగ్గర ఎలా కిందికి వేలాడదియ్యాలో అతనికి చేతుల్లోనే ఉంది. ఆ పూట ఇద్దరం సరదాగానే ఉన్నాం. ఆ మొత్తం వ్యవహారంలో అంత సరదాగా ఉన్న పూట అదొక్కటేనేమో.

ఆ సాయంత్రం కార్యక్రమం మొదట్నించి చివరి దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది. ట్యూషన్ పిల్లల్ని పంపించి వెనక గదికి వెళ్ళేను. బావ కుర్చీలో కూర్చుని తెర వైపే చూస్తున్నాడు.

"ఎలాగుంది?"

"బాగుంది బావా. ఆగలేదు. కానీ..."

"కానీ ఏటి?"

"ఆడోళ్ళు లేరు."

నాకు అర్థం కాలేదు. పాటలో ఆడవాళ్ళు పాడుతూనే ఉన్నారు, నాకు వినపడుతూనే ఉంది. అతను మళ్ళీ చెప్పేడు. పై గొంతు ఆడవాళ్ళు ఉండాల్సిన చోట లేరట. ఎక్కడో గోడ వెనక ఉన్నట్టున్నారట. మగవాళ్ళు మాత్రం ఎదురుగా నిలబడ్డట్టున్నారట.

సరిగ్గా ఆ రోజుల్లోనే హెడ్‌ఫోన్స్ కొన్నాం. మా ఆవిడ రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేది, బావ మధ్యాహ్నాలు కూడా వినడం మొదలెట్టేడు. ఎవరి గోల వాళ్ళకుంటుందని పెద్ద చెవి కప్పులున్నవి తెచ్చేను. అవి పెట్టుకున్నాక బావ ఫిర్యాదు ఇంకా ఖచ్చితంగా మారింది. ఎడమ పక్క లేదు. ఆడవాళ్ళ పై గొంతు ఎడమ పక్కనుంచి రావాలి, రావడం లేదు. ఈ ఇంటర్నెట్ ఎడమ పక్కది తినేస్తోంది.

నేను పెట్టుకుని చూసేను. నాకు రెండు వైపులా వస్తోంది. అప్పటికే ఒళ్ళు అలిసిపోయి ఉన్నాను, నా చెవి మీద నాకే నమ్మకం లేదు. నలభై ఏళ్ళు నాలుగు వరసలు విడదీసి విన్న మనిషి లేదంటున్నాడు. సుద్దముక్క గీతలు తప్ప ఏమీ వినని నేను ఉందంటే ఎవరిది నమ్మాలి? స్టేషన్ పేజీలో ఎక్కువ నాణ్యత అన్నదే ఉందని మళ్ళీ చూసుకున్నాను. కంప్యూటర్ వెనక పిన్ను తీసి తుడిచి పెట్టేను. తీగ కొసన క్లిప్పు మార్పించేను. ప్రతిసారీ బావ చెవులకి పెట్టుకునేవాడు, కళ్ళు మూసుకునేవాడు, నేను అతని మొహం చూస్తూ నిలబడేవాణ్ణి. ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు.

మళ్ళీ విశాఖపట్నం. ఈసారి ద్వారకానగర్‌లో పెద్ద షాపు. అక్కడతను నా మాట సగం వినగానే అన్నాడు. "సార్, మీరు వాడేది ఆఫీసు సామాను. లెటర్లు పంపుకోడానికి పనికొస్తుంది. మ్యూజిక్‌కి వేరే ఉంటాయి. ఈ తీగ కొసలకి బంగారు పూత సార్. తీగలు కలిపే ఈ స్విచ్ ఇనప పెట్టె, ప్లాస్టిక్ కాదు. రౌటర్ కూడా మార్చెయ్యండి. సౌండ్ విచ్చుకుంటుంది."

నేను లెక్కల మాస్టర్ని. ఆ తీగలో వచ్చేవి అంకెలని నాకు తెలుసు. అంకెలు వస్తే వస్తాయి, రాకపోతే పాట ఆగుతుంది, అంతే. వచ్చిన అంకెల్లోంచి ఆడవాళ్ళ గొంతులు మాత్రం ఏరి పారేసే తీగ ప్రపంచంలో ఎక్కడా ఉండదు. ఇదంతా ఆ కౌంటర్ దగ్గర నిలబడే అనుకున్నాను. అయినా కొన్నాను. అలిసిపోయిన మనిషికి తెలివి ఉన్నా వాదించే ఓపిక ఉండదు. ఎవరో ఒకరు ఇది కొంటే అయిపోతుంది అని గట్టిగా చెప్తే, ఆ గట్టితనానికే తల వంచేస్తాం.

కొత్త స్విచ్, కొత్త రౌటర్, బంగారు కొసల తీగ పెట్టేను. బావ విన్నాడు. నా మొహం చూసేడు. "కొంచెం నయమే బావా" అన్నాడు.

అది నా కోసం అన్న మాట. నాలుగు రోజులు పోయేక ట్యూషన్ మధ్యలో గుమ్మం దగ్గర నిలబడి, "ఆడోళ్ళు రాలేదు బావా, ఏటి సేద్దాం?" అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వేరు. నాకు ఏం పట్టిందో, చేతిలో పుస్తకం బల్ల మీద కొట్టి, "ఇంక నా వల్ల కాదు బావా. వింటే ఇను, లేకపోతే మానెయ్" అన్నాను.

అతను వెనక్కెళ్ళి హెడ్‌ఫోన్స్ మేకుకి తగిలించేసేడు. మళ్ళీ వీధరుగు మీద సైకిళ్ళు చూడ్డం మొదలెట్టేడు. మా ఆవిడ నాతో ముక్తసరిగా మాట్లాడేది. నేనూ దాని గురించి ఎత్తలేదు. ఆ వారం అంతా ఇంట్లో ఒక పని తగ్గింది, నాకు మాత్రం అలసట పెరిగింది.

ఆ తరవాత ఒక వాన మధ్యాహ్నం. స్కూలుకి సెలవు. కరెంటు పోయి వచ్చింది. నేను ముందు గదిలో పేపర్లు దిద్దుకుంటున్నాను. వెనక గదిలోంచి కేక.

"బావా! ఒచ్చేరు! ఆడోళ్ళొచ్చేరు!"

పరిగెత్తేను. బావ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ళకో మొహం వెలిగింది. వానకి వీధరుగు మీద కూర్చోలేక, తోచక పాట పెట్టి, మేకు మీంచి అవి తీసి తగిలించుకున్నాడట. మసక గదిలో చూసుకోకుండా.

"అందరూ ఉన్నారా ఇప్పుడు?" అన్నాను.

వింటూ వింటూ కనుబొమలు ముడిచేడు. "ఆడోళ్ళు ఎదరే ఉన్నారు బావా. మొగోళ్ళేరీ?"

అప్పుడు చూసేను. ఎడమ అని రాసున్న కప్పు అతని కుడి చెవి మీద ఉంది.

ఎలా చెప్పాలా అని నిలబడ్డాను. చెప్పక్కర్లేకపోయింది. నా చూపు ఎక్కడుందో చూసి అతనే హెడ్‌ఫోన్స్ తీసేడు. కప్పుల మీద అక్షరాలు చూసేడు. సరిగ్గా తిప్పి పెట్టుకున్నాడు. విన్నాడు. మళ్ళీ తిరగేసి పెట్టుకున్నాడు. విన్నాడు. తరవాత మెడలోకి దించుకుని మంచం మీద కూర్చున్నాడు.

"పైపు మార్సినా లీకు అక్కడే ఉందంటే, లీకు పైపులో లేదు బావా" అన్నాడు.

మా ఆవిడ మా ఇద్దర్నీ విశాఖపట్నంలో చెవి డాక్టర్ దగ్గరికి పంపించింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తగిలించి, శబ్దం వినపడితే బటన్ నొక్కమన్నారు. నేను అద్దం బయట నిలబడి చూసేను. కుడి చెవికి చకచకా నొక్కుతున్నాడు. ఎడమ చెవికి వచ్చేసరికి బటన్ మీద వేలు ఉంచుకుని, పిలుపు కోసం ఎదురు చూసే పిల్లాడిలా కూర్చుండిపోయేడు. డాక్టర్ ఏం పని చేసేవారని అడిగేరు. మిల్లులో అని చెప్తే, మిషను ఏ పక్క ఉండేదని అడిగేరు. బావ గాల్లో చేతులు పెట్టి, ఒకప్పుడు తను నిలబడే చోటు గుర్తు చేసుకుని, "ఎడం పక్క" అన్నాడు. నరం ఏళ్ళ తరబడి ఆ హోరుకి దెబ్బతిందని, వయసు కూడా తోడయిందని, మందు లేదని, చెవి మిషను పెట్టుకుంటే మాటలకి పనికొస్తుందని డాక్టర్ చెప్పేరు.

రేడియోలో ఎందుకు తెలియలేదో బస్సులో కూర్చున్నాక నాకు తట్టింది. రేడియోకి ఒకటే స్పీకరు. నలుగురి గొంతులూ ఒక్క చోటునుంచే వచ్చేవి. కుడి చెవి ఒక్కటే అన్నీ ఏరుకునేది. ఇంటర్నెట్ పాట రెండు పక్కలుగా విడిపోయి వచ్చింది. ఆడవాళ్ళని ఎడమ వైపు నిలబెట్టి రికార్డు చేసేరు. ఎంత శుభ్రంగా వస్తే అంత స్పష్టంగా వాళ్ళు అతనికి లేకుండా పోయేరు. నేను పైపు బాగు చేసినకొద్దీ అతని చెవి బయటపడింది.

చెప్దామని అతని వైపు తిరిగేను. బావ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. నేను కూర్చున్నది అతని ఎడమ పక్కే. అతన్ని ఇటు జరగమని, నేను కిటికీ వైపుకి మారేను.

లంకెలపాలెం దాటేక అతనే మాట్లాడేడు. "పాటల జట్టు ఎందుకు మానేసేనో నీకు సెప్పలేదు."

"అక్క పోయిందని కదా."

"మీ అక్క పాడినన్నాళ్ళూ నాకు ఆడోళ్ళ వరస ఇనపడేది. అది నా ఎనకాలే, కుడి పక్క నిలబడేది. మిగతా ఆడోళ్ళు హార్మోనియంకి ఎడం పక్క. అది పోయేక ఆ వరసే పోయింది. ఆడోళ్ళకి గొంతెత్తడం సేతకావట్లేదనుకున్నాను. మీ అక్క ఒక్కతే అందరినీ మోసిందనుకున్నాను. ఒక ఆదివారం అందరి ముందూ తిట్టేసేను బావా. మీకు పాడ్డం ఇట్టం లేకపోతే ఇంటికాడ కూకోండి అన్నాను. ఒక పిల్ల ఏడ్సుకుంటా ఎల్లిపోయింది. ఆ రోజే నేనూ హార్మోనియం మూసేసేను."

మేమంతా దాన్ని దిగులనుకున్నాం. అతనేమో ఆమె గొంతు లేని లోటే అనుకున్నాడు. ఆమె పోవడం, చెవి పోవడం ఒక్కసారే జరిగినట్టయి, రెండోది మొదటిదాని వెనక దాక్కుంది.

తరవాతి ఆదివారం ఆరాధన అయ్యేక బావ ఆడవాళ్ళ వైపు వెళ్ళేడు. నేను చెప్పులు వేసుకుంటూ మెట్ల దగ్గరున్నాను. జట్టులో పెద్దామెతో చెప్పేడు, చెవి చూపించి. ఆమె నెమ్మదిగా విని, "మాకు తెల్దేటన్నయ్యా? ఎడం పక్కనించి పిలిస్తే నువ్వు పలకవు. పిల్లలు ఎప్పుడో కనిపెట్టేరు" అంది.

"మరి సెప్పలేదేం?"

"పెళ్ళాం పోయిన మనిషికి నీ చెవి కూడా పోయిందని ఎవరు సెప్తారు?"

ఆమె కోపం లేకుండానే అంది. బావ ఆ ఏడ్చిన అమ్మాయి గురించి అడిగేడు. పెళ్ళయి నాతవరం వైపు వెళ్ళిపోయిందట. అక్కడ చర్చిలో పాడుతోందా అంటే, పాట మానేసిందని విన్నాం అంది. వాళ్ళ అమ్మతో కబురు పంపించేడు. జవాబు రాలేదు. దాని గురించి తరవాత ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, హార్మోనియం దగ్గరికి మళ్ళీ రమ్మని జట్టువాళ్ళు రెండుసార్లు పిలిచినా వెళ్ళలేదు. వెనక బెంచీలో, ఎడమ కొసన కూర్చునేవాడు, చర్చంతా తనకి కుడి పక్క ఉండేలాగ.

ఇక ఇంట్లో పాట. స్టేషన్ పేజీలో రెండు దారులు ఉండేవి. నేను మొదట్నించీ ఎక్కువ నాణ్యతదే ఎంచేవాణ్ణి. కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటి, నెమ్మది లైన్ల వాళ్ళకోసం, మోనో అని ఉండేది. అంటే గొంతులన్నీ కలిపి ఒక్కటిగా పంపుతారు, రెండు చెవులకీ అదే వస్తుంది. అది తక్కువరకమని ఎప్పుడూ దాని వైపు చూడలేదు. డాక్టర్ దగ్గర్నించి వచ్చిన వారంలో ఒక సాయంత్రం దాని మీద నొక్కి, హెడ్‌ఫోన్స్ బావకి ఇచ్చేను.

విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తల కొంచెం పక్కకి వంగింది.

"ఉన్నారు" అన్నాడు. "నలుగురూ ఉన్నారు."

ఆ మోనో పాటకి ఎంత సన్నటి పైపైనా చాలు. మొదటి రోజు పెట్టిన మోడెమ్ చాలు. వైర్‌లెస్ ముక్కతో, సున్నపు గోడ అవతల కూడా ఆగకుండా వచ్చేది, తరవాత సరదాకి చూసేను. నీలం తీగ, ఇనప స్విచ్, బంగారు కొసలు, జరిపిన బీరువా, కత్తిరించిన వంటింటి ఫోను, వీటిలో వేటితోనూ పని లేకపోయింది. నవ్వొచ్చే విషయమే గానీ నవ్వే ఓపిక లేదు. మా ఆవిడ మాత్రం, "అయితే నా ఫోను నాకు పెట్టించండి" అంది. స్ప్లిట్టర్ వెనకనుంచి సరైన తీగ లాగి మళ్ళీ పెట్టించేను. బీరువా అక్కడే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ తొయ్యడానికి ముగ్గుర్లో ఎవరికీ బలం లేదు.

చెవి మిషను కొన్నాం. మాటలకి పెట్టుకునేవాడు. పాట వినేటప్పుడు అది కీచుమంటుందని తీసి జేబులో వేసుకునేవాడు.

తరవాత వచ్చిన వానాకాలంలో ఒక పిడుగుకి మోడెమ్ కాలిపోయింది. కొత్తది తెచ్చి, ఎవర్నీ అడక్కుండా ఆదివారం భోజనాలయ్యేక పెట్టేసేను. లైట్లు వెలిగేయి. పాట వచ్చింది. వచ్చిందో లేదో చూసి లేవబోయేను, ఎప్పట్లాగే.

"కూకో బావా" అన్నాడు.

"ఏం, ఏటైనా తేడాగా ఉందా?"

"తేడా ఏం లేదు. ఇన్నాళ్ళూ పెట్టేవు, తీసేవు. నువ్వు ఒక్క పాట పూర్తిగా ఇన్నావేటి?"

ఆలోచించేను. వినలేదు. పాట ఆగుతోందా, ఎడమ పక్క వస్తోందా, లైట్లు వెలుగుతున్నాయా, అంతే చూసేను. అతను హెడ్‌ఫోన్స్ తీసి నా చెవులకి పెట్టేడు. నన్ను తన మంచం మీద కూర్చోబెట్టి తను కుర్చీలోకి మారేడు. "నీకు రెండు చెవులూ ఉన్నాయి కదా, పెద్దది పెట్టుకో" అని, నేను నేర్పినట్టే ఎక్కువ నాణ్యత దాని మీద నొక్కేడు.

ఎడమ పక్క ఆడవాళ్ళు మొదలెట్టేరు. చాలా నెమ్మదిగా. కుడి పక్కనుంచి మగవాళ్ళు వాళ్ళ కిందికి వచ్చి చేరేరు. ఏ భాషో తెలీదు. ఇంతకాలం ఈ మనిషి దీనికోసమా అంత బాధపడ్డాడు అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే వీపు గోడకి ఆనింది. భుజాల్లో ఎన్నాళ్ళనుంచో బిగుసుకుని ఉన్నదేదో వదులైంది.

పాట పూర్తిగా విన్నానో లేదో నాకు తెలీదు. లేచేసరికి సాయంత్రం అయింది. మెడ కింద తలగడ ఉంది, హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి ఉన్నాయి. వంటింట్లో మా ఆవిడా, బావా గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ట్యూషన్ పిల్లలు వస్తే ఇవాళ లేదని బావే పంపించేసేడట.

"లేపలేదా నన్ను?" అన్నాను లోపలికి వెళ్ళి.

"లేపితే మట్టుకు లేచీవోడివేటి?" అన్నాడు బావ, టీ గ్లాసు నా చేతికిస్తూ.